అప్పకు పెట్టిన చీర

దయ్యాలంటే నాకు ఎప్పుడూ నమ్మకం లేదు. పలాసలో జీడిపిక్కలు కొట్టే మా ఆడవాళ్ళకు మధ్యాహ్నం అన్నం దగ్గర ఇవే కబుర్లు. బారువ ఒడ్డున ఎవరో తెల్లచీర చూశారనీ, ఎవరింట్లోనో గిన్నెలు వాటంతట అవే కదిలాయనీ. నేను డబ్బా మూత పెట్టుకుని నవ్వేదాన్ని. చేతికి తగిలితే ఉన్నట్టు, తగలకపోతే లేనట్టు. జీడిరసం తగులుతుంది, కాలుస్తుంది. కాబట్టి అది ఉంది. దయ్యం నన్నెప్పుడూ కాల్చలేదు.

ఇప్పుడు రాస్తున్నది కూడా ఎవరినీ నమ్మించడానికి కాదు. ఈ సంగతి నోటితో చెప్పినప్పుడల్లా ఎవరో ఒకరు నవ్వారు. కాగితం నవ్వదు కదా అని రాస్తున్నాను. నలభై దాటాక అక్షరాలు దిద్దుకున్నదాన్ని, తప్పులుంటే సరిచేసుకుని చదవండి. చూసినదానికి మాత్రం ఒక్క పొల్లు కూడా కలపలేదు.

మాది మందస దగ్గర పల్లె. మా ఆయన జోగారావు లగేజీ వ్యాను నడుపుతాడు. నేను ఆయనకు రెండో భార్యను. మొదటి ఆమె తులసమ్మ కిడ్నీ జబ్బుతో పోయింది. మా ఉద్దానంలో ఆ జబ్బు లేని వీధి లేదు కాబట్టి అందులో వింతేమీ లేదు. పిల్లలు లేకుండానే పోయింది. ఆ తరువాత రెండో ఏడు నన్ను చేసుకున్నాడు. మాకు ఒక కూతురు, పెళ్ళయి ఇచ్ఛాపురం వైపు వెళ్ళిపోయింది.

రెండో భార్యగా వచ్చిన ఆడదానికి మా ఇళ్ళలో ఒక పద్ధతి ఉంది. మెడలో పుస్తెల పక్కన ఇంకో చిన్న వెండి బిళ్ళ కడతారు. దాని మీద ఆడమనిషి బొమ్మ ఉంటుంది. అది చనిపోయిన మొదటి భార్య. మా వైపు అక్కను అప్ప అంటాం, అందుకని అది అప్ప బిళ్ళ. ఇంట్లోకి కొత్తది ఏది వచ్చినా ముందు ఆమెకు పెట్టాలి. కొత్త చీరైతే పీట మీద పెట్టి, దీపం వెలిగించి, బిళ్ళను చీరకు తాకించి, ముందు నువ్వు కట్టుకో అప్పా, విడిచింది నాకియ్యి అని దండం పెట్టాలి. దీపం కొండెక్కేలోపు ఆ చీర నేను కట్టుకోవాలి. అప్పుడే అది నాదవుతుంది.

కాపురానికి వచ్చిన దగ్గర నుంచి నేను కట్టిన ప్రతి చీరా ఆమె విడిచిందే. పండుగ పూట మొదటి ముద్ద ఆమెదే. స్నానం చేసినా, పడుకున్నా ఆమె నా మెడలోనే ఉండేది. బతికున్న సవతి అయితే కొట్లాడవచ్చు, జుట్టు పట్టుకోవచ్చు. వెండి బిళ్ళతో ఏం కొట్లాడతాం?

మా ఆయన ఆమె గురించి నాతో ఎప్పుడూ మాట్లాడలేదు. మంచీ చెప్పలేదు, చెడ్డా చెప్పలేదు. అదే నాకు ఎక్కువగా మండేది. పొగిడితే వినేదాన్ని, తిడితే సంతోషించేదాన్ని. ఏమీ అనకుండా దాచుకున్నాడంటే లోపల ఎంత ఉందో అనిపించేది.

పెద్ద తుఫానుకు మా జీడితోటలు నేలకూలాయి. చెట్లు పోయేసరికి వాటితో పాటు హద్దులూ పోయాయి. కొత్త మొక్కలు వేసినప్పుడు పక్క తోటాయనకూ మా ఆయనకూ మొదలైన గొడవ ఏళ్ళ తరబడి నలిగి, ఒకరోజు చేతుల్లోకి వచ్చింది. మా ఆయన తోశాడు. పక్క తోటాయన వెళ్ళి, నరికిన చెట్టు మొద్దు మీద పడ్డాడు. తల పగిలి ఆసుపత్రిలో చేరాడు. తరువాత బాగానే లేచి తిరిగాడు గానీ, బతుకుతాడో లేదో తెలియని రోజుల్లోనే కేసు పడింది. మా ఆయన్ని రిమాండుకు పంపారు.

జైలున్న ఊరి పేరు రాయను. అక్కడ పనిచేసే మనుషులు నాతో మర్యాదగా ఉన్నారు, వాళ్ళకు నా వల్ల మాట రాకూడదు. పలాస నుంచి టెక్కలి మీదుగా బస్సులో వెళ్ళేదాన్ని అని మాత్రం చెబుతాను.

పోలీసులు తీసుకెళ్ళడానికి ముందు రోజే మా ఆయన కాశీబుగ్గలో నాకో చీర కొన్నాడు, ఊళ్ళో అమ్మవారి సంబరం ఉందని. ఆకుపచ్చ, మెరూన్ అంచు. నన్ను అడగకుండా రంగు తేల్చి తెచ్చింది అదొక్కటే. నేను నలుపు, ఆకుపచ్చ నాకు నప్పదు. తులసమ్మది పసుపు ఛాయ అని ఊళ్ళో అందరూ అంటారు. చీర చేతిలో పెట్టినప్పుడే నాకు ఆ మాట గుర్తొచ్చింది.

సంబరం రోజు మా అత్త మంచం మీద నుంచి లేవలేకపోయినా ఊరుకోలేదు. చీర అప్పకు పెట్టించింది. పెట్టాను. దీపం వెలుగుతోంది. మొగుణ్ణి జైల్లో ఉంచుకుని పచ్చచీర కట్టి ఎవరికి చూపించను? మడత విప్పకుండానే తీసి రేకుపెట్టెలో పెట్టాను.

"కట్టుకోవే, దీపం కొండెక్కిపోతాది. ఆ పూట కట్టకపోతే అది దానిదే అయిపోతాది" అంది అత్త.

"అయిపోనీ అత్తా. దానిది కానిదేటున్నాది ఈ ఇంట్లో?" అన్నాను.

పెట్టెకు తాళం వేసి, తాళంచెవి పిన్నీసుతో నా పసుపుతాడుకే తగిలించుకున్నాను. పుస్తెలు, బిళ్ళ, తాళంచెవి, మూడూ ఒకే తాడుకు.

జైల్లో ఉన్నవాళ్ళను చూడటాన్ని ములాఖత్ అంటారు. మా ఆయనకు వారానికి రెండు. ఒకటి మా మరిది కోర్టు సంగతులు మాట్లాడటానికి వాడుకునేవాడు. రెండోది నాది. ఆ ఒక్క పూట కోసం వారమంతా పిక్కలు కొట్టేదాన్ని.

మొదటిసారి గేటు దగ్గర నా వేలిముద్ర పడలేదు. ఏళ్ళ తరబడి జీడిరసం తిని నా బొటనవేలికి గీతలు లేవు. గేటు దగ్గర ఉండే వార్డరు సంతబొమ్మాళి వైపు మనిషి, పెద్దవయసు. కాగితం మీద నల్లటి మచ్చ చూసి, "ఇది వేలా, జీడిపిక్కా అమ్మా? సంతకం నేర్చుకో, నాకూ నీకూ సుఖం" అన్నాడు. నేను అక్షరాలు నేర్చుకోవడానికి కారణం ఆ మాటే. ఫ్యాక్టరీ వెనక వీధిలో ఒక రిటైరైన మాస్టారు సాయంత్రాలు చెప్పేవారు. అక్కడ చేరాను.

జైలు గేటు దగ్గర ఆడవాళ్ళకు ఊరూ కులం తరువాత. ఎవరి మనిషి ఏ కేసు మీద లోపలున్నాడో ముందు తెలుస్తుంది. అరటిపళ్ళూ బిస్కెట్లూ కవర్లో పట్టుకుని గోడ నీడలో కూర్చుంటాం. లోపలున్నవాళ్ళకు వేళకు అన్నం, వేళకు లెక్క. మాకు అవీ లేవు. బేచ్ బేచ్‌గా పిలుస్తారు. గేటులో చిన్న తలుపు, అది దాటితే ములాఖత్ గది. గది మధ్యలో పొడవునా ఇనుప జాలీ. ఇవతల మేము, అవతల వాళ్ళు. గంట కొడితే బయటికి రావాలి. ఇవతలి వైపుకు వేరే దారి లేదు. ఇది ఎందుకు చెబుతున్నానో తరువాత తెలుస్తుంది.

ఒక వారం మధ్యాహ్నం వెళ్ళాను. వార్డరు నన్ను చూసి తల అడ్డంగా ఊపాడు.

"జోగారావుకి ఈ వారం అయిపోనాది. పొద్దున్నే వాళ్ళావిడొచ్చి ఎల్లింది."

"నానే బాబూ వాళ్ళావిడ్ని" అన్నాను.

ఆయన నన్ను కిందా మీదా చూశాడు. "నువ్వే గానీ... ఆవిడ కూడా వచ్చింది. ఆధార్ కార్డు మరిసిపోనానంది. లోపలికి ఒగ్గనన్నాను. లోపల్నుండి నీ మొగుడే సూసి, నా ఇంటిదే బాబూ, ఒగ్గీండి అన్నాడు. నానేటి సెయ్యను?"

నా ఇంటిది అన్నాడట.  పక్కన కొడుకు కోసం వచ్చిన ముసలమ్మ ఒకామె బుగ్గన వక్కపొడి నములుతూ, "ఇద్దరుంటే మంచిదే గదే. ఒకర్తి బెయిలుకి తిరిగితే ఒకర్తి ములాకత్తుకి తిరుగుతాది" అంది. అందరూ నవ్వారు.

ఆమె ఎలా ఉందని వార్డరును అడిగాను. పచ్చటి మనిషి, పొట్టి, మాట మెత్తన అన్నాడు. "నీ సేతుల్లాగ నల్లగా నేవు, సుబ్బరంగున్నాయి" అన్నాడు. ఏ చీర అంటే, "ఆకుపచ్చ. ఎర్రటి అంచు" అన్నాడు.

మెరూన్‌ను మగవాళ్ళు ఎరుపే అంటారు. బస్సులో కిటికీ పక్కన కూర్చుని అంతా తేల్చేసుకున్నాను. ఒకేలాంటి చీరలు రెండు కొన్నాడు. ఒకటి నాకు, ఒకటి ఆమెకు. అందుకే రంగు నన్ను అడగలేదు. టెక్కలి దాటి పలాస వచ్చేవరకూ ఆ రెండో చీరను తలలో వందసార్లు చింపాను. తెచ్చిన అరటిపళ్ళు పక్క సీటు పిల్లకు ఇచ్చేశాను.

మళ్ళీ వారం వెళ్ళేసరికి ఆయన నాకంటే బాగున్నాడు. అదీ నేను ఓర్చుకోలేకపోయాను. రిమాండుకు వెళ్ళిన కొత్తలో గడ్డం మాసి, కళ్ళు గుంటలు పడి ఉండేవి. ఇప్పుడు తల నున్నగా దువ్వుకున్నాడు. ముఖంలో నిదానం వచ్చింది. ఎవరొచ్చారు అని అడిగాను.

"ఎవులూ రానేదు" అన్నాడు.

"వార్డరు సెప్పాడు."

"ఆయనకి రోజూ వందమంది. ఎవుల్ని సూసి ఎవులనుకున్నాడో." ఆ వెంటనే, "సెయ్యి మానిందా?" అని అడిగాడు.

నన్ను గేటు నుంచి తిప్పి పంపడానికి రెండు రోజుల ముందే నా ఎడమ అరచెయ్యి జీడిరసం పడి బొబ్బలెక్కింది. ఆయన చూస్తే బాధపడతాడని వచ్చినప్పటి నుంచి కొంగు కింద దాచే ఉంచాను. ఇంట్లో అత్తకు కూడా చెప్పలేదు. ఫ్యాక్టరీలో ఒక్కతే చూసింది. కాంతం. ఆముదం రాసింది ఆమే.

కాంతం మా ఫ్యాక్టరీలో గ్రేడింగ్ గదిలో పనిచేస్తుంది. గుండ్లు, బద్దలు, పలుకులు వేరుచేసే పని. వాళ్ళ చేతులు పప్పులాగే తెల్లగా ఉంటాయి. మొగుడు పోయినావిడ, పొట్టి, మనిషి పచ్చగా ఉంటుంది. వాన పడితే మా ఆయన వ్యానులో కాశీబుగ్గలో ఆమె ఇంటిదాకా దింపిన రోజులున్నాయి. ఇన్ని కలిశాక నాకు ఇంకేం కావాలి?

మర్నాడు అన్నం దగ్గర అందరి ముందూ అడిగేశాను. "నీ సేతులు తెల్లగున్నాయి గదా కాంతం. జాలీ దగ్గర బాగా అవుపడతాయేటి?"

ఆమెకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక డబ్బా మూత పెట్టి, నెమ్మదిగా చేతులు కడుక్కుని వచ్చి కూర్చుంది.

"ఒలే దమయంతీ, నీ మొగుణ్ణి నాకు ఊరికిచ్చినా ఒద్దు. ఆ గురక నువ్వే ఉంచుకో."

"గురక సంగతి నీకెలా తెలుసు?"

"రోజూ నువ్వే గదే సెప్తావు, నిద్దర నేదని."

పక్కవాళ్ళు అన్నం నోట్లో పెట్టుకుని దగ్గారు. నాకు నవ్వు రాలేదు. కాంతం నా చెయ్యి తీసుకుని బొబ్బలు చూసింది. "ఈ వారం నానూ వత్తాను. ఇద్దరం కలిసి సూద్దుం. నానైతే నీ పక్కనే ఉంటాను గదా, ఇంక జాలీ దగ్గరెవులుంటారో నీకే తెలుత్తాది" అంది.

ఆ మాటతో అనుమానం పోలేదు. పక్కనే ఉంటే కనిపెట్టి చూడవచ్చని ఒప్పుకున్నాను.

ఆ వారం ఇద్దరం సెలవు పెట్టి జైలు తలుపు తెరవకముందే వెళ్ళాం. ఎండ చుర్రుమంటోంది. గేటు ఎదురుగా టీ బడ్డీ బల్ల మీద కూర్చున్నాం. వచ్చే ప్రతి ఆడమనిషినీ చూశాం. మొదటి బేచ్‌లో నన్ను పిలిచినా వెళ్ళలేదు, తరువాత వస్తానన్నాను. అందరూ చిన్న తలుపులోంచి ఒక్కొక్కరే లోపలికి వెళ్ళారు. నీలం, పసుపు, పూల చీర, ఒక నల్ల బురఖా, వక్కపొడి ముసలమ్మ. ఆకుపచ్చ చీర లేదు.

వార్డరు వాళ్ళకు కేకేసి చెప్పాడు. "జాలీకి కొత్తగా ఎర్రరంగు ఏసాం. ఇంకా ఆరనేదు. సీరలంటుకుంటే నన్ననకండి."

కాంతం నన్ను మోచేత్తో పొడిచింది. "అయితే నీ సవితి ఈయేళ రాదు. రంగంటుకుంటాదని బయం."

తలుపు ఓరగా ఉంది. లోపల ఏం జరుగుతోందో చూద్దామని లేచి వెళ్ళాను. జాలీ ముందు ఆడవాళ్ళ వీపులు వరసగా కనిపిస్తున్నాయి. అటు చివర, గోడ పక్కన, మా ఆయన జాలీ అవతల నిలబడి ఉన్నాడు. ఆయన ఎదుట, ఇవతల, ఆకుపచ్చ చీర.

వీపు మాత్రమే కనిపించింది. పొట్టి మనిషి. నున్నగా చుట్టిన ముడి. కొంగు జాలీకి ఆనేంత దగ్గరగా నిలబడి ఏదో చెబుతోంది. ఏం చెబుతోందో వినపడలేదు.

నేను ఆమెను ఎంతసేపు చూశానో చెప్పలేను, ఎందుకంటే ఎక్కువగా చూసింది మా ఆయన్ని. ఆయన నవ్వుతున్నాడు. తల కొద్దిగా పక్కకు వాల్చి, కళ్ళతో నవ్వుతున్నాడు. ఇన్నేళ్ళ కాపురంలో ఆ నవ్వు నేను చూడలేదు. కూతురు పుట్టినప్పుడు నవ్వాడు, వ్యాను కొన్నప్పుడు నవ్వాడు. ఇది వేరే. ఇలాంటి నవ్వు ఈ మనిషిలో ఉందనే నాకు తెలియదు.

కాంతం నా భుజం మీదుగా తల పెట్టి చూసింది. "ఒలే, ఆ సీర..." అని ఆగిపోయింది. ఆమె కూడా చూసిందని చెప్పడానికే ఈ మాట రాస్తున్నాను.

నేను లోపలికి తోసుకుపోబోయాను. వార్డరు చెయ్యి అడ్డం పెట్టాడు. "బేచ్ అవ్వనీయమ్మా." అంతలో గంట కొట్టారు. తలుపు పక్కనే, రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని నిలబడ్డాను. అందరూ వచ్చారు. నీలం, పసుపు, పూల చీర, బురఖా, ముసలమ్మ. అంతే. వాళ్ళ వెనక గది ఖాళీ.

"ఇంకో మనిసి ఏది?" అన్నాను.

వార్డరు లోపలికి వెళ్ళి గోడ దాకా నడిచి వచ్చాడు. ముఖం మారింది. "అందరూ వచ్చేసారమ్మా" అన్నాడు.

"మీరు సూడనేదా బాబూ? ఆకుపచ్చ సీర."

"సూసేను" అన్నాడు.  రెండో బేచ్‌తో పాటు నన్ను లోపలికి పంపాడు. ఈ వారం ములాఖత్ అప్పుడే ఆమెతో అయిపోయింది కదా అని ఆయనా అనలేదు, నేనూ అడగలేదు.

జాలీ దగ్గర కొత్తరంగు వాసన గుప్పుమంది. మా ఆయన చేతివేళ్ళ నిండా ఎర్రరంగు. జాలీకి రంగు వేసింది లోపలివాళ్ళే, అందులో ఈయన కూడా ఉన్నాడట. నవ్వు ఎక్కడా లేదు. ఎప్పుడూ నాకు చూపించే ముఖమే.

"ఇప్పుడెవులతో మాటాడేవు?" అన్నాను.

"ఎవులతో?"

"నా కళ్ళతో సూసేను."

"నీకు అనుమానం రోగమై కూసుంది. ఎవులూ నేరు" అన్నాడు. అని నా చేతికేసి చూసి, "బొబ్బలు గిల్లకు" అన్నాడు.

కాంతం కాశీబుగ్గలో దిగిపోకుండా నాతో పాటు మా ఊరు వచ్చింది. నన్ను ఒంటరిగా పంపడానికి భయపడిందో, చూడాలనిపించిందో తెలియదు. వసారాలో మంచం మీద అత్త ఉంది. పొద్దుట నుంచి ఎవరైనా వచ్చారా అని అడిగాను. కుక్క కూడా రాలేదంది. పెట్టె తాళం వేసినట్టే ఉంది. తాళంచెవి నా మెడలోనే ఉంది. తీయడానికి వంగితే బిళ్ళ దానికి తగిలి చిన్న చప్పుడైంది.

చీర పెట్టినచోటే, పెట్టిన మడతలోనే ఉంది. హమ్మయ్య అనుకున్నాను. అంటే రెండు చీరలున్నట్టే, ఆ రెండోది ఎవరిదో కనుక్కుంటే చాలు. నిజం చెప్పాలంటే ఆ క్షణం సంతోషం కూడా కలిగింది. బతికున్న ఆడదైతే నేను చూసుకోగలను.

కాంతం చీర అందుకుని మడత విప్పింది. కొంగు పరిచింది.

కొంగు మీద ఎర్రరంగు. మరక కాదు. జాలీ అచ్చు. ఒకదాని పక్కన ఒకటి, అరచెయ్యంత మేర, జాలీ గళ్ళు దిగి ఉన్నాయి. కాంతం వేలు పెట్టి చూసింది. వేలికి అంటింది. ఇంకా ఆరలేదు.

 కాంతం వేలు తన చీరకు తుడుచుకోబోయి, ఆగి, గోడకు తుడిచింది. ఆ గుర్తు మా గోడ మీద చాలాకాలం ఉంది.

వసారాలోంచి అత్త అడిగింది. "ఏటే, ఊసు నేకుండా కూసున్నారు?"

చెప్పాను. మంచం మీద అటు తిరిగి పడుకుని, "కట్టుకోమని నాను సెప్పనేదేటి?" అంది. 

అత్త మాట నేను ఒప్పుకోలేదు. ఇప్పటికీ ఒప్పుకోను. ఎన్నో రకాలుగా ఆలోచించాను. ఎవరో తాళం తీసి చీర తీసుకెళ్ళి తిరిగి పెట్టారనుకుందాం. జైలు నుంచి మా ఊరికి మేము వచ్చిన బస్సు కంటే ముందు రావాలి. తాళంచెవి నా మెడలో ఉండగా తాళం తీయాలి. ఆ గదిలోంచి మా ముగ్గురికీ కనపడకుండా బయటపడాలి. కాంతం చేసిందనుకుందామంటే పొద్దుట నుంచి నా భుజానికి భుజం ఆనించి కూర్చుంది. ఆమెకు క్షమించమని చెప్పాను. "గురక మాత్రం నీకే" అంది.

ఇంకోటి కూడా ఆలోచించాను. అది ఎవరికీ చెప్పలేదు. వచ్చింది తులసమ్మే అయితే, ఆయనతో నా చేతి గురించి ఎందుకు చెప్పింది? నా మీద జాలి పడిందా? ఆ జాలి నాకు బొబ్బల కంటే ఎక్కువ మండింది. నా మొగుడు నా చెయ్యి ఎలా ఉందని అడగాలంటే ఆమె సిఫార్సు కావాలా?

ఆ తరువాత ఆమె జైలుకు రాలేదు. ప్రతి వారం గేటు దగ్గరకు వెళ్ళగానే వార్డరు ముఖం చూసేదాన్ని. ఆయన లేదన్నట్టు తల ఊపేవాడు. కొన్నాళ్ళకు నేను సంతకం పెట్టడం నేర్చుకున్నాను. వంకరటింకరగా దమయంతి అని రాస్తే, ఆయన చూసి, "ఇంక నువ్వెవరివో నాకు తెలుత్తాది" అన్నాడు. నవ్వుతూ అనలేదు.

దెబ్బ తగిలినాయన కోలుకున్నాక పెద్దలు కూర్చుని రాజీ చేశారు. మా ఆయనకు బెయిలు వచ్చింది. ఇంటికి వచ్చే రోజు ఏ చీర కట్టుకోవాలా అని నాకు ఆలోచనే లేదు. ఆకుపచ్చ చీర కొంగును కిరోసిన్‌తో రుద్దాను, సబ్బుతో ఉతికాను. ఎర్రగళ్ళు లేతబడ్డాయి గానీ పోలేదు. అయినా అదే కట్టుకున్నాను. ఈయన నాకు కొన్న చీర. నేను నేర్చుకున్న సంతకంతో వారం వారం చూసుకున్న మొగుడు. ఆకుపచ్చ నప్పినా నప్పకపోయినా ఈ రోజు నాది అనుకున్నాను.

మధ్యాహ్నం వచ్చాడు. గుమ్మంలో కాళ్ళ మీద నీళ్ళు పోశాను. లోపలికి వచ్చి పీట మీద కూర్చున్నాడు. మంచినీళ్ళ గ్లాసు ఇవ్వడానికి వంగితే నా కొంగు జారి ఆయన మోకాలి మీద పడింది.

ఆయన గ్లాసు తీసుకోలేదు. కొంగు చేతిలోకి తీసుకున్నాడు. ఒక గడిలో వేలు పెట్టాడు, జాలీలోంచి పెట్టినట్టు. తల పక్కకు వాలింది. ఆ నవ్వు వచ్చింది. జైల్లో తలుపు సందులోంచి చూసిన నవ్వే, అరచేతి దూరంలో.

"ముట్టుకోవద్దని సెప్పేను గదా" అన్నాడు, చాలా మెల్లగా.

నాతో కాదు. కొంగుతో అన్నాడు. నేను గ్లాసు పట్టుకుని అలాగే వంగి ఉన్నాను. తరువాత తల ఎత్తి నన్ను చూశాడు. నవ్వు పోయింది. నీళ్ళు తీసుకుని తాగాడు. చెయ్యి ఎలా ఉందని అడిగాడు.

ఆ రోజు తరువాత నేనూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. మనిషి మెత్తబడ్డాడు. కూరకు ఉప్పు ఎక్కువైనా అరవడు. ఫ్యాక్టరీ నుంచి రాగానే నా చేతులకు ఆముదం రాస్తాడు. చూసినవాళ్ళు నా అదృష్టం అంటారు. రాస్తుంటే నేను ఆయన ముఖమే చూస్తూ ఉంటాను, ఆ నవ్వు వస్తుందేమో అని. ఒక్కసారి కూడా రాలేదు.

ఆ గదిలో నిలబడింది ఎవరో, తాళం వేసిన పెట్టెలోని చీరకు పచ్చిరంగు ఎలా అంటిందో నాకు ఈ రోజుకూ తెలియదు. దయ్యాలున్నాయని అనను. లేవని ఇదివరకులా నవ్వనూ లేను. ఆకుపచ్చ చీర మళ్ళీ కట్టలేదు. పెట్టెలో అడుగున ఉంది. అది ఎవరిదో ఇంక తగువు లేదు.

అప్ప బిళ్ళ నా మెడలోనే ఉంది. కొత్త చీర తెస్తే ఇప్పటికీ ముందు ఆమెకే పెడతాను, దండం పెడతాను. కానీ పీట ముందు నుంచి కదలను. దీపం సగం ఉండగానే చీర తీసి అక్కడికక్కడే కట్టేసుకుంటాను. ఎక్కడికీ వెళ్ళే పని లేకపోయినా సరే, ఆ రోజంతా విప్పను.